పార్కు లేని పార్క్ స్టేషన్



ఈ ఏడాది విహారయాత్ర ఎక్కడికి అన్న మాట మన వాట్సాప్ గ్రూపులో మొదలై పది రోజులు దాటింది. ఇంకా తెగలేదు. కుర్రవాళ్ళంతా తిరుప్పోరూరు దగ్గర 2025 డిసెంబర్‌లో తెరిచిన వండర్‌లాకు పోదామంటున్నారు. నలభై దాటినవాళ్ళు వీజీపీ అంటున్నారు, ఆ వెంటనే "కానీ వీజీపీ మునుపటి వీజీపీ కాదులే" అని వాళ్ళే నిట్టూరుస్తున్నారు. ఒకరు కిష్కింతలో తీసిన పాత ఫోటో పెట్టారు. నలుగురు పిల్లలు తడిబట్టలతో వణుకుతూ నిలబడి ఉన్నారు. దానికి వచ్చినన్ని గుండె బొమ్మలు మన సంఘం జమాఖర్చుల నివేదికకు ఏనాడూ రాలేదు.

చివరికి మన వీధి కాలేజీ పిల్ల ఒకతె నన్నే అడిగింది. "పాత రైడ్లన్నీ తీసేసి కొత్తవి పెట్టి, పేరు కూడా మార్చేస్తే అది అదే పార్కు ఎట్లా అవుతుంది అంకుల్? మీరు చరిత్ర రాస్తుంటారు కదా, చెప్పండి" అని. రోలర్ కోస్టర్ గురించి నన్ను అడగడం, చేపను చెట్టు గురించి అడిగినట్టు. కానీ పార్కు గురించి అడిగితే మాత్రం నా దగ్గర ఒక కథ ఉంది. పిల్లలూ, మీ పార్కుల్లో రైడ్లు పోయి పేరు మారింది. నేను చెప్పబోయే పార్కులో అన్నీ పోయి పేరు ఒక్కటే మిగిలింది. ఆ పేరుతో టికెట్లు అమ్మిన గుమాస్తాల్లో నేనూ ఒకణ్ణి.

ఎప్పటిలాగే ఒక విన్నపం. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు గూడూరు లైనులో స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నవాణ్ణి. తప్పులుంటే దిద్దండి, నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళు నేను పార్క్ స్టేషన్ బుకింగ్ కౌంటర్‌లో ఉన్నాను. బీచ్–తాంబరం లైనులో, సెంట్రల్‌కు ఎదురుగా ఉంటుందే, అదే. 1985 తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం చెంగల్పట్టు వైపు నుంచి వచ్చిన బండి దిగి ఒక మనిషి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక క్యారియర్ సంచి. "సార్, జూకు ఏ పక్క పోవాలి?" అన్నాడు తమిళంలో. ఆయనకు నేనేం చెప్పాలి? జూ వండలూరుకు వెళ్ళిపోయింది. ఆయన ఎక్కిన బండి వండలూరు స్టేషన్‌లో ఆగి, అక్కడి నుంచే వచ్చింది. జూను కిటికీ పక్కనే దాటుకుని, ముప్పై కిలోమీటర్లు ముందుకు వచ్చి, పేరులో పార్కు ఉందని ఇక్కడ దిగాడు. వెనక్కి వండలూరుకు నాలుగు టికెట్లు, రెండు ఫుల్లు రెండు హాఫ్‌లు, ఇచ్చాను. చిన్న పిల్ల మాత్రం కౌంటర్ వైపు చూసి, "ఇది పార్క్ అని రాసుంది కదా నాయనా" అని తండ్రిని అడిగింది. ఆ బోర్డు మా రైల్వేది. ఆ మాట నాకు ఇన్నేళ్ళైనా పోలేదు.

అది ఏ పార్కు అంటే, పీపుల్స్ పార్కు. 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చిన సర్ ఛార్లెస్ ట్రెవెల్యన్ వేయించింది. ఈ దొర ఏడాది పైచిలుకు మాత్రమే ఇక్కడ ఉన్నాడు. కలకత్తా వాళ్ళు ఆదాయపు పన్ను వేస్తామంటే, అది తప్పు అని తన అభిప్రాయాన్ని పత్రికల్లో అచ్చు వేయించాడు. 1860లో వెనక్కి పిలిపించేశారు. పోతూ పోతూ మనకు 116 ఎకరాల తోట వదిలిపెట్టి పోయాడు. ఈ రోజు సెంట్రల్ పక్క నుంచి నెహ్రూ స్టేడియం దాకా, వేపేరి వైపు దాకా నడిచి చూడండి, అంత మేర. అందులో కొలనులు, బండ్లు తిరిగే దారులు, బ్యాండు వాయించే మంటపం. మద్రాసు మ్యూజియంలో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే డాక్టరు 1855లో మొదలుపెట్టిన జంతువుల కొట్టం కూడా ఆ తర్వాత ఇక్కడికే వచ్చింది.

పేరు చూడండి. గవర్నర్ పార్కు కాదు, రాణి పార్కు కాదు. ప్రజల పార్కు. బ్లాక్ టౌన్‌లో, అంటే మన జార్జ్ టౌన్‌లో, ఇరుకు ఇళ్ళల్లో ఉండే జనం గాలి పీల్చుకోవడానికి అని వేసిన తోట. మన పక్కవాళ్ళు, తొండియార్‌పేట, చాకలిపేట, రాయపురం, కొరుక్కుపేట జనమంతా పండగ పూట పోయింది అక్కడికే.

మరి ఆ పార్కులోకి "కొత్త రైడ్లు" ఎట్లా వచ్చాయో చెబుతాను. మొదటిది మన తెలుగువాళ్ళ చేతి మీదుగానే వచ్చింది, దాచుకోవడం దేనికి. 1883లో విజయనగరం ప్రభువు పూసపాటి ఆనంద గజపతి రాజుగారు పార్కు నేలలో ఒక టౌన్ హాలుకు శంకుస్థాపన చేశారు. విక్టోరియా రాణి పేరు పెట్టుకున్న ఆ ఎర్ర భవనం రిప్పన్ భవనం పక్కన ఇప్పటికీ ఉంది. తోటలో ఒక ముక్క పోయింది, నిజమే. కానీ ఆ ముక్క మీద ఏం జరిగిందో చూడండి. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరస వినోదినీ సభ వాళ్ళు వచ్చి ఆ హాలులో తెలుగు నాటకాలు వేశారు. చూడటానికి వచ్చినవాళ్ళలో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే కాలేజీ కుర్రవాడు ఉన్నాడు. చదువుకున్నవాళ్ళు నాటకం ఇంత గౌరవంగా ఆడొచ్చా అని ఆయనకు అప్పుడు తోచింది. అదే ఏడాది సుగుణ విలాస సభ పుట్టింది. తమిళ నాటకానికి తండ్రి అని ఆయన్ను మా బడి పుస్తకంలో చదివాను. ఆ తండ్రికి దారి చూపింది ఒక తెలుగు నాటకం అని మాత్రం ఆ పుస్తకంలో లేదు. నేను అది తెలుసుకునేసరికి నాకు యాభై దాటాయి.

అందుకే "కొత్తది వస్తే పార్కు చెడిపోయినట్టే" అనేవాళ్ళతో నేను పూర్తిగా కలవలేను. ఆ హాలు రాకపోయి ఉంటే తోట పెద్దదిగా మిగిలేది, ఈ కథ మాత్రం మిగిలేది కాదు.

ఇంకో సంగతి. పార్కులో ఏటా డిసెంబర్ నెలాఖరున పెద్ద సంత జరిగేది. పాకలు, పందిళ్ళు, ఆటలు, దీపాలు. 1886 డిసెంబర్ 31న ఆ సంతలో నిప్పు అంటుకుంది. తాటాకు పందిళ్ళు, లోపల కిక్కిరిసిన జనం, బయటికి పోయే దారి ఇరుకు. వందల మంది చనిపోయారు. ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కువ. ఈ నగరంలో వినోదం కోసం పోయి జనం చచ్చిపోయిన ఘోరాల్లో ఇదే పెద్దది అనుకుంటాను. అయినా మనలో ఎంతమందికి తెలుసు? ఈనాడు పార్కుల్లో పిల్లల ఎత్తు కొలిచి, బెల్టు బిగించి, రెండుసార్లు లాగి చూసి కానీ బండి కదలనివ్వరు. మన కుర్రవాళ్ళు దాన్ని విసుక్కుంటారు. విసుక్కోకండి. ఆ బెల్టు వెనక ఇట్లాంటి రోజులు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత ముక్కలు త్వరత్వరగా తెగాయి. 1900లో మూర్ మార్కెట్. 1913లో రిప్పన్ భవనం, మన పిట్టి త్యాగరాయ చెట్టిగారు కార్పొరేషన్ అధ్యక్షుడిగా కూర్చున్న భవనం. ఆ తర్వాత స్టేడియం. కొలనులు పూడ్చారు. తామరలు, కలువలు పూసిన కొలను పేరు మాత్రం అల్లికుళం అని ఒక దుకాణాల కట్టడానికి మిగిలింది. రిప్పన్ భవనం వెనక మై లేడీస్ గార్డెన్, జనం నోట్లో మైలేడీ పూంగా, ఆ 116 ఎకరాల్లో మిగిలిన పచ్చదనంలో ఒక పిడికెడు.

కానీ నా చిన్నప్పుడు, అంటే అరవయ్యో దశకం చివర, మాకు అది "పోయిన పార్కు" కాదు. అది మా పార్కే. మా నైనా హార్బర్‌లో కూలి లెక్కలు రాసేవారు. పొంగల్ తర్వాత కాణుం పొంగల్ రోజున మమ్మల్ని ఉయిర్ కాలేజీకి తీసుకుపోయేవారు. చిన్నవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మద్రాసు జనం ఎగ్మూర్ మ్యూజియాన్ని సెత్త కాలేజి అని, జూను ఉయిర్ కాలేజి అని అనేవాళ్ళు. ఒకచోట చచ్చిన జంతువులు, ఒకచోట బతికినవి. నెల్లూరు నుంచి వచ్చిన మా మేనత్త "చెత్త కాలేజా? ఊడ్చరా దాన్ని?" అని అడిగితే ఇంటిల్లిపాదీ వారం నవ్వాం. తమిళంలో సెత్త అంటే చచ్చిన అని అర్థం, ఆమెకేం తెలుసు.

జూ చూసి, మూర్ మార్కెట్‌లో దూరేవాళ్ళం. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, పంజరాల్లో చిలకలు, తెల్ల ఎలుకలు. కొనేది ఏమీ లేదు, చూడటమే. నైనా ఒక్కసారి మాత్రం నాకు అణాల్లో బేరమాడి ఒక పాత భూగోళం పుస్తకం కొనిపెట్టారు. అంతా కలిపి మా ఖర్చు ఎంతనుకుంటున్నారు? బస్సు టికెట్లు, వేరుశెనక్కాయల పొట్లాలు, జూ లోపలికి చిల్లర. ఇంతే. ఐదుగురు పిల్లలున్న హార్బర్ గుమాస్తా ఎవరినీ ఇంట్లో వదిలిపెట్టకుండా అందరినీ తీసుకుపోగలిగాడు.

1985లో రెండు సంగతులు జరిగాయి. మే 30న మూర్ మార్కెట్ కాలిపోయింది. జూలై 24న వండలూరులో కొత్త జూ తెరిచారు. రెండు నెలల లోపల మా పార్కులో ఉయిరూ పోయింది, సంతా పోయింది. జూ పోవడం గురించి నాకు బాధ లేదు. ఇరుకు బోనుల్లో, సెంట్రల్ బళ్ళ కూతల మధ్య, ఆ పులులు పడ్డ పాట్లు నేను చూశాను. వండలూరు అడవిలో వాటికి కాస్త నేల దొరికింది. పార్కు మారడం కొన్నిసార్లు లోపల ఉన్న ప్రాణికి మంచిదే, బయట ఉన్నవాడికే దిగులు.

మూర్ మార్కెట్ స్థలం మాత్రం మా రైల్వేకు వచ్చింది. సబర్బన్ టెర్మినల్, రిజర్వేషన్ భవనం లేచాయి. పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. నా ఉద్యోగంలో చివరి పదిహేడేళ్ళు ఆ భవనంలోనే. నైనా నాకు భూగోళం పుస్తకం కొనిపెట్టిన చోట, కొంచెం అటూ ఇటూగా, నా కుర్చీ. నెల నెలా జీతం తీసుకున్నాను, దాంతోనే ఇల్లు కట్టాను, పిల్లల పెళ్ళిళ్ళు చేశాను. కాబట్టి "ఎవరో వచ్చి మన పార్కును మింగేశారు" అని నేను ఎవరి మీదా వేలు చూపలేను. ఇప్పటికీ ఆ టెర్మినల్ ముందు మూర్ మార్కెట్ నమూనా ఒకటి, చిన్నది, ఎర్రగా పెట్టి ఉంది. మనవణ్ణి తీసుకుపోయి చూపించాను. "తాతా, ఇది ఏ గేమ్‌లోది?" అన్నాడు.

ఇక మీ రోలర్ కోస్టర్ సంగతి. పిల్లలు నాకు ఇది తెలియదనుకుంటారు. అసలు ఆ ఆట పుట్టిందే మా రైలు కడుపున. అమెరికాలో పెన్సిల్వేనియా కొండల్లో మాచ్ చంక్ అనే ఊరు ఉండేది. 1827లో అక్కడ కొండ మీది బొగ్గును కిందికి దించడానికి పట్టాలు వేశారు. బరువుకే బండ్లు జారి కిందికి వచ్చేవి. 1870ల్లో బొగ్గుకు వేరే దారి దొరికాక ఆ పట్టాల మీద జనాన్ని ఎక్కించి సరదాకు జారించడం మొదలుపెట్టారు. 1884లో న్యూయార్క్ పక్కన కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన స్విచ్‌బ్యాక్ రైల్వే అని కట్టాడు. మనిషికి ఐదు సెంట్లు. పేరులోనే రైల్వే ఉంది చూడండి. జెయింట్ వీల్ మాత్రం? 1893లో షికాగో ప్రదర్శనలో 264 అడుగుల చక్రం కట్టిన జార్జ్ ఫెర్రిస్ కూడా రైల్వే వంతెనల ఉక్కు పని తెలిసిన ఇంజనీరే. అమెరికాలో ట్రాము కంపెనీలు ఆదివారాలు బండ్లు ఖాళీగా పోతున్నాయని లైను చివర వినోద పార్కులు కట్టాయి. టికెట్ అమ్మడం కోసం పార్కు. మన దగ్గర తలకిందులు, పార్కు పోయి టికెట్ మిగిలింది.

ఈ తిరిగే చక్రాన్ని మనం రాట్నం అంటాం, తమిళంలో రాట్టినం. నూలు వడికే రాట్నానికీ తెలుగులో అదే పేరు. తిరువొత్తియూరు తిరునాళ్ళలో నాలుగు తొట్ల కర్ర రాట్నాన్ని మనుషులు చేత్తో తిప్పేవాళ్ళు. పైకి పోయినప్పుడు ఒక్క క్షణం సముద్రం కనిపించేది. ఆ క్షణం కోసం అందరం కాసులు దాచుకునేవాళ్ళం.

మద్రాసులో కంచె వేసి, లోపలికి టికెట్ పెట్టి, రోజంతా గడపమనే పార్కులు ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపు పెరిగాయి. వీజీపీ పన్నీర్‌దాస్ గారిని మా తరం వాయిదాల మీద రేడియో ఇచ్చిన మనిషిగా ఎరుగుదుం. మన వీధిలో సగం రేడియోలు, ఫ్యాన్లు ఆ వాయిదాలవే. ఆయన ఇంజంబాక్కం దగ్గర గోల్డెన్ బీచ్ పెట్టినప్పుడు అది రైడ్ల పార్కు కాదు. సముద్రం, ఇసుక, బొమ్మలు, సినిమా పాటల షూటింగులు. ముఖ్యంగా సిలై మనిదన్, రెప్ప వేయకుండా నిలబడే మనిషి. ఆయన్ను నవ్విస్తే బహుమతి అని చెప్పి ఊరు ఊరంతా ఆయన ముందు కోతి చేష్టలు చేసింది. నేనూ చేశాను, మా ఆవిడ సాక్షి. తొంభైల్లో అది వీజీపీ యూనివర్సల్ కింగ్‌డమ్ అయింది, రైడ్లు పెరిగాయి. 2019లో పక్కనే మెరైన్ కింగ్‌డమ్ అని అద్దాల సొరంగంలో చేపలు వచ్చాయి. మన గ్రూపులో "మునుపటి వీజీపీ కాదు" అన్నవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా అడిగి చూశాను. మునుపటిది అంటే ఏది? అరవై దాటినవాడు సముద్రం అన్నాడు. యాభై వాడు సిలై మనిదన్ అన్నాడు. ముప్పై ఐదేళ్ళ వాడు నీళ్ళ రైడ్లు అన్నాడు. అంటే నా దిగులు పెట్టుకున్న పార్కును చెడగొట్టిన కొత్త సరుకే, నా తర్వాతివాడికి పోయిన బంగారం.

ముట్టుకాడులో ఎంజీఎం డిజ్జీ వరల్డ్ వచ్చింది. పేరు వినగానే అమెరికా డిస్నీ గుర్తుకు రావాలని పెట్టినట్టుంది, దానికంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. 1995లో తాంబరం దగ్గర వచ్చిన కిష్కింత మాత్రం వేరే రకం. దాన్ని కట్టింది మలయాళ సినిమా నిర్మాత నవోదయ అప్పచ్చన్. 1984లో దేశంలో మొదటి త్రీడీ సినిమా తీసిన మనిషి. మనకది తెలుగులో చిన్నారి చేతనగా వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీది వస్తువును పట్టుకోవడానికి చేయి చాపినవాళ్ళు ఈ గ్రూపులో ఉన్నారు. సినిమాలో పిల్లలు గోడల మీద, పైకప్పు మీద నడుస్తారు చూశారా, గదినే తిప్పి తీశారు దాన్ని. గదినే తిప్పినవాడు పార్కు కట్టాడంటే ఆశ్చర్యం ఏముంది. పేరు కూడా ఆయన ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోలేదు. సుగ్రీవుడి రాజ్యం పేరు పెట్టుకున్నాడు. కోతులకు స్వేచ్ఛ ఉన్న చోటు అని పిల్లలకు విప్పి చెప్పనక్కరలేదు. తాంబరం దాకా ఎలక్ట్రిక్ రైలు, అక్కడి నుంచి బస్సు. వేసవి సెలవుల్లో ఆ బండ్లలో తువ్వాళ్ళు మెళ్ళో వేసుకున్న పిల్లల గుంపులు ఇంకా కళ్ళకు కట్టినట్టున్నాయి.

ఇక వండర్‌లా. ఇది 2000లో కొచ్చిలో వీగాలాండ్ అన్న పేరుతో మొదలైన ఇంటిది. బెంగళూరులో 2005లో, హైదరాబాదులో 2016లో వచ్చాయి, కొచ్చి పార్కు పేరు కూడా వండర్‌లా చేశారు. నాతో పనిచేసిన కేరళ మిత్రుడు పేరు మారిన తర్వాత కూడా వీగాలాండ్ అనే అనేవాడు, మద్రాసును చెన్నై అనడానికి నా నోరు తిరగనట్టే. మన కుర్రవాళ్ళు కలవరించే కొత్త రైడ్ పేరు తంజోరా. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పట్టాల కింద వేలాడదీసి తిప్పే రకం. స్విట్జర్లాండ్ వాళ్ళు, బొల్లిగర్ అండ్ మాబిలార్డ్ కంపెనీ చేసింది. వీళ్ళు ఈ రకాన్ని మొదటిసారి 1992లో షికాగో దగ్గర ఒక పార్కులో నిలబెట్టారు. అంటే ముప్పై ఏళ్ళ పైబడిన ఆట. మనకు కొత్త.

పేరు మీద గ్రూపులో పెద్ద గొడవే అయింది. "స్విస్ ఇనుముకు తంజావూరు పేరు ఏమిటి, గుడి గోపురం బొమ్మ అతికిస్తే మనదైపోతుందా?" అని ఒకాయన. "మన ఊరి పేరు పెట్టారు, సంతోషించక!" అని ఇంకొకాయన. నాకు మొదటాయన మాట సగం సరి అనిపించింది. కానీ తంజావూరు అంటే గోపురం ఒక్కటేనా? నాయకరాజుల కాలంలో, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు ఉన్నప్పుడు ఆ కోటలో నడిచింది తెలుగు యక్షగానం. మెలట్టూరులో భాగవత మేళం ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు, ఆడేవాళ్ళు ఇంట్లో తమిళం మాట్లాడుకుంటారు. త్యాగరాజస్వామి పక్కనే తిరువైయారులో కూర్చుని పాడింది తెలుగు. బయటి నుంచి వచ్చిన ఆట, లోపలి పేరు, రెండూ కలిసి ఒక కొత్త వస్తువు కావడం తంజావూరుకు కొత్త కాదు. నన్నడిగితే ఆ పేరు ఉండనివ్వండి. మన పిల్లలు పైనుంచి కేకలు పెడుతూ దిగిన తర్వాత ఎవరో ఒకరు తంజావూరు గురించి నాలుగు మాటలు చెప్పండి. నేను చెప్పడానికి సిద్ధం.

మా అమ్మాయిని ఇచ్చింది హైదరాబాదుకు. జనవరిలో పోతే వియ్యంకులు నాంపల్లి నుమాయిష్‌కు తీసుకుపోతారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. చీరలు, కశ్మీరు శాలువాలు, మిర్చి బజ్జీ, పిల్లల రైలు, జెయింట్ వీల్. 2019 జనవరి 30 రాత్రి అక్కడా నిప్పు అంటుకుని చాలా అంగళ్ళు కాలిపోయాయి. 1886లో మన పార్కులో జరిగింది చదివినవాణ్ణి కాబట్టి ఆ రాత్రి టీవీ ముందు గుండె పట్టుకుని కూర్చున్నాను. జనం బయటపడ్డారు. కొద్ది రోజుల్లోనే మళ్ళీ తెరిచారు. ఆ ఊళ్ళో రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది, వండర్‌లా ఉంది, అయినా మా వియ్యంకుల వీధిలో ఇస్త్రీ బండి మనిషి, కార్లలో తిరిగే డాక్టరు ఇద్దరూ ఒకే రాట్నం దగ్గర వరసలో నిలబడేది నుమాయిష్‌లోనే. మనకు ఆ పోలిక తీవుత్తిడల్ పొరుట్కాట్చి, ఐలాండ్ గ్రౌండ్స్‌లో ఏటా జరిగే ప్రభుత్వ ప్రదర్శన. అక్కడ మా రైల్వే స్టాలు కూడా పెట్టేవాళ్ళు. పిల్లలు బొమ్మ రైలు చుట్టూ మూగి కదిలేవాళ్ళు కాదు, డ్యూటీలో ఉన్నవాళ్ళకు తిండికి పోవడానికి తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు అమ్మాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. రైడ్లు మారితే పార్కు మారుతుందా? నాకు తెలిసినంతలో రైడ్లు మారడం చిన్న మార్పు. జూ పోయినా, కొలను పోయినా అది ఏదో ఒక రకంగా మా పార్కుగానే ఉండింది. హార్బర్ గుమాస్తా ఐదుగురు పిల్లలతో లోపలికి పోలేని రోజు వచ్చినప్పుడు మాత్రం అది వేరే స్థలం అయిపోయింది. ఆ మార్పును ఎవరూ ఫోటో తీసి పెట్టరు.

ఇది నేను ఊరికే అనడం లేదు. పోయిన ఏడాది యాత్రకు మనం మనిషికి ఇంత అని చీటీ పంపినప్పుడు మొదట పేరిచ్చిన ఎనిమిది ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్షలు, ఒకరికి ఊరి నుంచి చుట్టాలు. నేను గుమాస్తాగా బతికినవాణ్ణి, ఆ జ్వరం ఏ జ్వరమో నాకు తెలుసు. నలుగురున్న ఇంటికి కొత్త పార్కులో ఒక రోజు టికెట్లకే వేలు కావాలి. సంఘం నిధి నుంచి అందరికీ కడితే పిల్లల స్కూలు ఫీజుల సాయం ఆగిపోతుంది. కోశాధికారి గారు ఆ లెక్క నాకు చూపించారు.

కాబట్టి నా మాట ఇది, కార్యదర్శి గారి మాట కాదు. సంఘం యాత్ర వండలూరు జూకు పెట్టుకుందాం, అందరం. తొండియార్‌పేటలో మెట్రో ఎక్కి సెంట్రల్‌లో దిగుదాం. అక్కడి నుంచి రోడ్డు దాటి పార్క్ స్టేషన్ నుంచి ఎలక్ట్రిక్ రైలు. రానుపోను చార్జీ సంఘానిది. తిండి ఇంటి నుంచే, పులిహోర మా ఆవిడ చేస్తానంది. వండర్‌లాకు పోవాలనుకునే కుర్రవాళ్ళు ఇంకో ఆదివారం వాళ్ళ డబ్బుతో పోయి రండి, మీరు పోవద్దని నేను అనను. ఆ రోజు పెద్దమనిషి ఒకడు తోడు కావాలంటే నేను వస్తాను. తంజోరా ఎక్కను, కింద బెంచీ మీద కూర్చుని మీ జోళ్ళు, కళ్ళద్దాలు, ఫోన్లు కాస్తాను.

వండలూరు పోయే రోజు సెంట్రల్‌లో అరగంట ముందు దిగుదాం. విక్టోరియా హాలు, రిప్పన్ భవనం, మూర్ మార్కెట్ నమూనా, పాత జూ గేటు ఉండిన వైపు చూపిస్తాను. ఎనిమిది ఇళ్ళవాళ్ళను నేనే పోయి పిలుస్తాను. మిగతావాళ్ళు పేర్లు శుక్రవారం సాయంత్రంలోపు కోశాధికారి గారికి ఇవ్వండి. ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, ఐదు దాటినవాళ్ళ వయసు నిజం చెప్పండి. నేను కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి, చూడగానే కనిపెడతాను.